తెర ముందుకొచ్చిన బొమ్మలాటోళ్లు

కుప్పలు నూర్చి గింజ ఇంటికి చేరాక మా ఊరికి బొమ్మలాటోళ్లు వచ్చేవారు. తెనాలి నుంచి రేపల్లె పోయే దారి పక్కన మా ఊరు. ఖాళీ పొలంలో నాలుగు గుంజలు పాతి, తెల్లటి బట్టను బిగుతుగా లాగి కట్టేవారు. చీకటిపడగానే నాయనమ్మ నన్ను చంకనేసుకుని వెళ్లేది. ఒకసారి తెర వెనక్కి తీసుకెళ్లి చూపించింది. మేకతోలు గీకి గీకి, వెలుతురు దూరేంత పల్చన చేసి రంగులద్దిన రాముడు నాకంటే ఎత్తున్నాడు. నగలున్నచోటల్లా ఉలితో పొడిచిన చిల్లులు. దీపం వెలుగు వాటిలోంచి దూరితే హారాలు మెరిసేవి. మోచేతుల దగ్గర దారంతో ముళ్లు. రాముడి మాట భర్తది, సీత మాట భార్యది. యుద్ధమొస్తే కాళ్లకింద చెక్కపలకను దడదడ తొక్కేవారు. వాళ్ల ఇంట్లో మాట్లాడేది ఆరె మరాఠీ, తెరమీద పాడేది తెలుగు ద్విపద.

ఆ తెర చాలా పాతది. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే బొమ్మలాట ప్రస్తావన ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మన బొమ్మలాటోళ్లు మరో దారి తొక్కారు. వనారస గోవిందరావు, ఆయన వాళ్లు బొమ్మల్ని పక్కనపెట్టి, తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. సురభి నాటకాలు అలా పుట్టాయి.

మా తెనాలికి నాటకమంటే ప్రాణం. అయినా ఇక్కడి రంగస్థలం మీద ఆడవేషం చాలాకాలం మగవాళ్లదే. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా నడిచొస్తే జనం ఊపిరి బిగబట్టేవారు. సురభిలో మాత్రం ఆడవేషం ఆడపిల్లలదే. నా ఉద్దేశంలో దీనికి కారణం తోలుబొమ్మే. తెర వెనక తరతరాలుగా సీతకి గొంతిచ్చిన ఆడవాళ్లు తెర ముందుకు రావడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేకపోయింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల బిడ్డే.

పెద్దయ్యాక తెనాలిలో సురభి వాళ్ల 'మాయాబజార్' చూశాను. బాణాలు గాల్లో ఢీకొన్నాయి, ఘటోత్కచుడు ఎగిరాడు. అప్పుడూ ఉండబట్టలేక తెర వెనక్కి వెళ్లాను. చీకట్లో చొక్కా లేని ఒక పెద్దాయన, పైన గిలకల మీదుగా దిగిన తీగను రెండు చేతులా పట్టి లాగుతున్నాడు. బొమ్మను ఆడించిన చేతులే మనిషిని ఎగరేస్తున్నాయి. ఆయన కుడికాలు మాత్రం, కింద ఏ చెక్కపలకా లేకపోయినా, నేలను తొక్కుతూనే ఉంది.