ఓరుగల్లు పల్లెల నల్లా నీరు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. అప్పటిదాకా వీటిలో ఎక్కువ భాగం ఓరుగల్లు నేలే. ఆ నేలకు కాకతీయుల కాలంనుంచీ చెరువే ఆధారం. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువును కాకతీయ రాజు గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిందని అక్కడి శాసనం చెబుతుంది. చెరువు నిండితే ఊరి బావుల్లో ఊట పెరిగేది. జనం తాగింది ఆ ఊటనే.

అయితే అది ఎప్పుడూ శుభ్రమైన నీరు కాదు. మెట్లు దిగి కాళ్లు తడుపుకుంటూ ముంచుకునే దిగుడు బావులు నారికురుపు పురుగును మోసుకొచ్చేవి. ఆ పురుగు బెడద ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నీటిని వడకట్టడం, దిగుడు బావుల బదులు చేతిపంపులు వేయడం వంటి చర్యలు ఫలించి, 2000లో భారత్‌కు నారికురుపు లేని దేశంగా గుర్తింపు దక్కింది.

పురుగు పోయింది, రాయి మిగిలింది. జనగామ వైపు మెట్టనేలల అడుగున ఉన్నది గ్రానైటు. బోరు లోతుకు పోయేకొద్దీ, రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి. మోతాదు ఇంకా పెరిగితే ఎముకలు బిగుసుకుంటాయి. కాచినా అది పోదు, నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది. పిల్లలకు కాచిన నీళ్లే పట్టాలని తపించే తల్లికి ఈ ఒక్క మాట ముందుగా చెప్పాల్సింది.

2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మొదలైన తాగునీటి పథకం మిషన్ భగీరథ నీటి వనరునే మార్చింది. బోరు స్థానంలో గోదావరి, కృష్ణ వచ్చాయి. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135 లీటర్లు లక్ష్యం. నది నీటిలో ఫ్లోరైడ్ తక్కువ. బురద, సూక్ష్మజీవులు ఎక్కువ. అందుకే పటిక వేసి మడ్డి తేర్చి, ఇసుక పొరల్లో వడగట్టి, క్లోరిన్ కలిపి పంపుతారు.

ఆ శుద్ధి ఇంటి నల్లాదాకా నిలవడమే కష్టం. క్లోరిన్ కలిపినప్పుడు లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు చివరి ఇంటి దగ్గర కూడా మిగలాలన్నది భారత ప్రమాణం. నీళ్లు వదలని గంటల్లో పైపు ఖాళీగా ఉంటుంది. పగుళ్లలోంచి పక్క మురుగు లోపలికి చొరబడుతుంది. నల్లాకు మోటారు బిగించి లాగితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. ఇంటింటికీ పైపు చేరాక కూడా వీధుల్లో ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.