పదహారణాల్లో ఒక్క అణా

ఈసారి సంక్రాంతికి సూర్యాపేట వెళ్ళినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె కిందికి దించాం. సున్నాలు వేయించాలని నాన్న దించమన్నాడు గానీ, దించాక సున్నాల సంగతి అందరం మర్చిపోయాం. పెట్టె నిండా ఎర్రబట్ట అట్టల పద్దు పుస్తకాలు. ప్రతి పుస్తకం మొదటి పుటలో శ్రీ రాసి, నాలుగు మూలలా పసుపు బొట్లు. ముత్తాత కాలం నాటివాటిలో లెక్కలన్నీ హాలీ రూపాయల్లో ఉన్నాయి. నిజాం రాజ్యంలో నడిచిన నాణెం అది. ఏడు హాలీలిస్తే ఆరు ఇంగ్లీషు రూపాయలు వచ్చేవి. మా పిల్లలకి చెబితే "అంటే డాలర్ లాగానా?" అన్నారు. అలాంటిదే అన్నాను.

నేను మాత్రం ఒకటి వెతుకుతూ కూర్చున్నాను. ఇన్ని పుస్తకాల్లో ఒక్క ఆడమనిషి పేరైనా ఉందా అని. హమాలీ కూలి ఉంది, ఎద్దుల మేత ఉంది, గుమాస్తాకి పండగ బట్టలు ఉన్నాయి. చివరికి ఒక చోట దొరికింది: "ఇంట్లో గాజులు జమ." ఎవరి గాజులో రాయలేదు. నానమ్మవేనట. ఒక ఏడాది కందులు కొనడానికి డబ్బు చాలక కుదువ పెట్టారట. జమ రాశారు కదా, తిరిగి ఇచ్చినట్టు ఖర్చు ఎక్కడ రాశారో చూద్దామని ఆ పుస్తకం చివరిదాకా తిప్పాను. కనబడలేదు.

పెట్టె అడుగున స్టాంపు కాగితం ఇంకొకటి దొరికింది. 1999 నాటిది. తాతయ్య పోయిన మరుసటి ఏడు మా మేనత్తలిద్దరూ కొట్టు మీద, ఇంటి మీద తమ హక్కు వదులుకుంటూ నాన్న పేర రిజిస్టరు చేసిన పత్రం. పెద్దత్తకి కోదాడ ఇచ్చారు, చిన్నత్తకి మిర్యాలగూడ. చిన్నత్తే ఇప్పుడు మా అత్తమ్మ. మేనరికం. మన వైపు మేనరికాలు ఎందుకు ఇష్టపడేవారో మీకు తెలుసు కదా, పిల్ల పరాయింటికి పోదు, ఆస్తీ పోదు! ఆ కాగితం చూసి నాన్న ఏమీ అనలేదు. నేనూ అనలేకపోయాను. నా ఫీజులు, నా పెళ్ళి, అన్నీ ఆ కొట్టు మీదే జరిగాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలు ఆ ఇద్దరూ వదులుకున్నదెంత? మిర్యాలగూడ వచ్చాక మా ఆడిటర్ గారిని కూర్చోబెట్టి అడిగాను. ఆయన కాగితం మీద వేసిన లెక్క మీకూ చెప్పాలనే ఇదంతా.

మన ప్రాంతంలో నీళ్ళూ చట్టమూ దాదాపు ఒకేసారి బయల్దేరాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేశారు. దాదాపు ఆరు నెలలకి, 1956 జూన్ 17న, హిందూ వారసత్వ చట్టం వచ్చింది. అంతకుముందు మితాక్షర పద్ధతిలో పిత్రార్జితమంతా మగవాళ్ళదే. కొడుకు పుడుతూనే హక్కుదారు. కూతురికి పెళ్ళి, భార్యకి పోషణ, అంతే. 1937లో వితంతువుకి భర్త వాటా బతికినన్నాళ్ళు అనుభవించే హక్కునిస్తూ ఒక చట్టం వచ్చినా అది బ్రిటిష్ ఇండియాకే గానీ నైజాం ఇలాకాకి కాదు. 1956 చట్టం మాత్రం ఆడవాళ్ళ చేతిలోని ఆస్తిని అనుభవానికే కాదు, అమ్ముకోవడానికి కూడా వాళ్ళదే అంది.

నీళ్ళు రావడానికి మరో పదకొండేళ్ళు పట్టింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ, అదే లాల్ బహదూర్ కాలువ, మన వైపుకి వచ్చింది. జొన్నా కందీ పండే నేలల్లో వరి వచ్చింది. వరి వెంట మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ మిల్లుల ఊరైపోయింది. ఇప్పటికీ ఊరి పొలిమేర దాటగానే తవుడు వాసన, ఊక దుమ్ము. ఉతికి ఆరేసిన బట్టలు దులపకుండా మడత పెట్టలేం. మిల్లంటే ఒక్క ఇంటి డబ్బుతో అయ్యే పని కాదు. అందుకని బావా బావమరుదులు, తోడల్లుళ్ళు, స్నేహితులు కలిసి భాగస్వామ్యాలు పెట్టుకున్నారు. చట్టం సంగతి ఎవరికి పట్టింది? నీళ్ళు వచ్చినంత చప్పుడుగా చట్టం రాలేదు మరి.

ఇప్పుడు లెక్కకి వద్దాం. మా ఇంటినే తీసుకోండి. కొట్టు ముత్తాతది, 1956కి ముందే తాతయ్య చేతికి వచ్చింది, కాబట్టి పిత్రార్జితం. తాతయ్య 1998లో వీలునామా రాయకుండానే పోయారు. వారసులు నలుగురు: నానమ్మ, నాన్న, ఇద్దరు అత్తలు.

1956 చట్టం ఒక్కటే ఉండి ఉంటే కొట్టులో సగం పుట్టుకతోనే నాన్నది. మిగిలిన సగమే తాతయ్యది. ఆ సగాన్ని నలుగురికీ సమానంగా పంచాలి. రూపాయిలో చెప్పాలంటే నాన్నకి పది అణాలు, నానమ్మకీ అత్తలిద్దరికీ తలా రెండణాలు.

కానీ 1985లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ చట్టానికి సవరణ చేసింది. కొడుకులాగే కూతురికీ పుట్టుకతోనే హక్కు. దేశమంతటికీ ఆ మాట రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. కాకపోతే ఒక మెలిక. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళయిపోయిన ఆడపిల్లకి అది వర్తించదు. పెద్దత్త పెళ్ళి 1984 వేసవిలో అయింది. చిన్నత్తది 1986లో. ఒకే తల్లి పిల్లలు, ఒకే కొట్టు. 1998 నాటి లెక్క ప్రకారం ఆ కొట్టుని డజను అరటిపళ్ళనుకుంటే నాన్నకి అయిదు, చిన్నత్తకి అయిదు, పెద్దత్తకి ఒకటి, నానమ్మకి ఒకటి! లగ్నం రెండేళ్ళు ముందు కుదిరినందుకు నాలుగు పళ్ళు పోయాయి. అప్పుడది ఇంట్లో ఎవరికీ తెలియదు. అత్తలిద్దరికీ ఒకే రకం పట్టుచీర, ఒకే బరువు గొలుసు పెట్టి, ఒకే కాగితం మీద సంతకం పెట్టించారు.

తర్వాత 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చింది. పెళ్ళెప్పుడైందన్న పేచీ పోయింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పంచుకున్నవి, రాసిచ్చేసినవి మాత్రం కదపరు. మా 1999 కాగితం ఆ గీతకి అవతలే ఉండిపోయింది. ఆ కాగితమే లేకపోతే ఇవాళ్టి లెక్క ఇలా ఉండేది: ముగ్గురు పిల్లలకీ తలా అయిదణాలు, నానమ్మకి ఒక్క అణా.

ఆడిటర్ గారు ఇక్కడ ఆగి నా మొహం చూశారు. మీరూ గమనించారా? కూతుళ్ళ వాటా పెరిగిన ప్రతిసారీ తల్లి వాటా తగ్గింది. రెండణాలు కాస్తా ఒక్క అణా అయింది. దక్షిణాదిలో పిత్రార్జితం పంచేటప్పుడు భార్యకి విడిగా వాటా వెయ్యరు. భర్త వాటాలో ముక్కే ఆమెది. పంచుకునేవాళ్ళు పెరిగితే ఆయన వాటా చిన్నదవుతుంది, అందులో ఆమె ముక్క ఇంకా చిన్నదవుతుంది. గాజులు జమ చేసిన మనిషికి అణా. కూతుళ్ళకి రాకూడదని నేననను, నాకూ ఇద్దరు కూతుళ్ళు. అదే కొట్టు తాతయ్య స్వార్జితమైతే నలుగురికీ నాలుగేసి అణాలు వచ్చేవి. స్వార్జితమైనా, పిత్రార్జితంలో తన వాటా అయినా, ఆయన వీలునామా రాసి ఉంటే రాసినట్టే జరిగేది. తెల్లకాగితం, ఆయన సంతకం, అది చూసి సంతకం చేసే ఇద్దరు సాక్షులు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా కాదు, చేయిస్తే మంచిదే. తాతయ్యకి అది తెలియక కాదు. ఊళ్ళో సగం మందికి ప్రామిసరీ నోట్లు రాయించిన మనిషి! వీలునామా మాటెత్తితే "నేను పోవాలని చూస్తున్నారా" అనేవారట.

ఆ రెండణాలూ అణా కూడా చేతికి రాక పెద్దత్త పడ్డ పాట్లు వేరే కథ. కోదాడలో పెదమామయ్యకి ఎరువుల కొట్టు ఉండేది. స్నేహితుడితో చెరి సగం. 2006లో మామయ్య గుండెపోటుతో పోయారు. అప్పటికి అత్తకి నలభై రెండేళ్ళు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరే రాసుకుంటే తప్ప, ఒక భాగస్వామి పోతే సంస్థ రద్దవుతుంది. ఇద్దరే ఉన్న చోట రాసుకున్నా లాభం లేదు, ఒక్కడితో భాగస్వామ్యం ఉండదు కదా. ఆయనేమో అదే కొట్లో, అదే సరుకుతో, అదే బోర్డుతో వ్యాపారం నడుపుతూనే ఉన్నారు. పదో రోజు కాకముందే వచ్చి రెండు లక్షలు అత్త చేతిలో పెట్టి "చెల్లెమ్మా, రైతుల దగ్గర ఉద్దెర చాలా ఉంది, వచ్చాక చూద్దాం" అన్నారు. ఆ రావడం ఎప్పటికీ రాలేదు.

లెక్క తేల్చకుండా వ్యాపారం నడిపితే, పోయినవాళ్ళ వాటా సొమ్ము వాడుకున్నందుకు వచ్చిన లాభంలో భాగమో, లేదా ఆ వాటా మీద ఏడాదికి 6 శాతం వడ్డీయో, ఏది కావాలంటే అది వారసులు అడగొచ్చని అదే చట్టంలో ఉంది. లెక్కల కోసం కోర్టుకి వెళ్ళడానికి మూడేళ్ళు గడువు. అత్త ఏడాదంతా ఏడ్చింది, రెండో ఏడు పిల్లల కాలేజీలు, మూడో ఏడు ఎవరో వకీలు దగ్గరికి వెళ్దామనుకుంటూ ఉండగానే గడువు దాటిపోయింది.

ఇన్సూరెన్స్ పాలసీ ఒకటి ఉంది. నామినీగా మామయ్య వాళ్ళమ్మ పేరు, పెళ్ళికి ముందు రాసినది. నామినీ అంటే డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే, అసలు హక్కుదారులు వారసులని 1983లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2015 సవరణతో నామినీగా రాసిన తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు ఆ సొమ్ముకి హక్కుదారులే అయ్యారు, కాబట్టి పాత పాలసీల్లో ఎవరి పేరుందో ఈ రాత్రే చూడండి. అప్పుడు మాత్రం అత్తకి ఆ తీర్పు సంగతి తెలియదు. తెలిసినా అత్తగారితో కొట్లాడే మనిషి కాదు.

అప్పులున్న వ్యాపారుల ఇళ్ళలో ఇంకొకటి తెలిసి ఉండాలి. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భర్త పాలసీ తీసుకుంటే ఆ సొమ్ము భార్యాపిల్లల కోసం పెట్టిన ట్రస్టు. అప్పులవాళ్ళు దాన్ని ముట్టుకోలేరు, అప్పు ఎగ్గొట్టే ఉద్దేశంతో కట్టినట్టు రుజువైతే తప్ప. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి, తర్వాత కుదరదు. నూట యాభై ఏళ్ళ కిందటి చట్టం, మా ముగ్గురి ఇళ్ళలోనూ ఒక్కరికీ తెలియదు.

ఇక నా ఇల్లు. మిర్యాలగూడలో మా మిల్లు నలుగురు భాగస్వాములది. అందులో ఒకరు మా అత్తమ్మ! పెళ్ళయిన కొత్తలో విని ఎంత గర్వపడ్డానో. తర్వాత అర్థమైంది, అది కాగితం మీద పేరు. ఏడాదికోసారి మామయ్య గారు భోజనాల తర్వాత కాగితాల కట్ట తెచ్చి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తారు. ఆమె చెయ్యి తుడుచుకుని సంతకాలు చేస్తుంది. క్యాష్ క్రెడిట్ అప్పుకి హామీ సంతకం కూడా ఆమెదే. ఆడిటర్ గారిని ఆ సంతకం విలువెంత అని అడిగితే ఆయన కాసేపు నీళ్ళు నమిలారు. సంస్థ అప్పుకి భాగస్వామి సొంత ఆస్తి కూడా బాధ్యత వహిస్తుంది. హామీదారు బాధ్యతా అప్పు తీసుకున్నవాళ్ళతో సమానమే, 1872 కాంట్రాక్టు చట్టం నుంచీ అంతే. మామూలుగా భర్త పోతే ఆయన అప్పులు ఆయన వదిలిన ఆస్తి మేరకే వారసుల మీద పడతాయి. సంతకం పెట్టిన భార్యకి ఆ గీత ఉండదు. పుట్టింటి వాళ్ళు పెట్టిన మడిగె కూడా పోవచ్చు.

ఇంతా విని ఇంటికొచ్చి, మా భాగస్వామ్య ఒప్పందం తీయించి చదివాను. 1994లో రాసినది. భాగస్వామి మరణిస్తే ఏం చేయాలన్న చోట ఒకే వాక్యం ఉంది: మిగిలినవారు సామరస్యంగా నిర్ణయించుకోవలెను. సామరస్యం! కోదాడ కొట్టు గుర్తొచ్చి నవ్వొచ్చింది, నవ్వు కాదులెండి.

మామయ్య గారితో మాట్లాడటానికి వారం పట్టింది. నేరుగా చెబితే తాతయ్య మాటే ఆయనా అంటారని తెలుసు. అందుకని ముందు డజను అరటిపళ్ళ లెక్క చెప్పాను. ఆయన వ్యాపారి, లెక్కంటే ఆసక్తి. "అయితే మీ అత్తకి ఆ అయిదు నేనే వదిలించినట్టయింది" అన్నారు చివరికి. అల్లుడిగా ఆ రోజు సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకి ఆమెని స్కూటరు మీద తీసుకెళ్ళింది ఆయనేనట.

ఒప్పందం తిరగరాయడానికి మిగిలిన భాగస్వాములు ఒప్పుకున్నారు, ఒకాయన తప్ప. భాగస్వామి పోతే ఎన్ని నెలల్లో లెక్క తేల్చాలి, మిల్లుకి విలువ కట్టేది పాత పుస్తకాల ప్రకారమా, అప్పటి ధర ప్రకారమా అన్న దగ్గర ఆగింది. ఆడవాళ్ళకి ఇవన్నీ ఎవరు నూరిపోస్తున్నారని ఆయన అడిగారట. మామయ్య గారు నా పేరు చెప్పలేదు, ఆడిటర్ మీదకి తోసేశారు. వీలునామా మాత్రం రాస్తానన్నారు. అత్తమ్మ హామీ సంతకం నుంచి తప్పుకోవాలంటే బ్యాంకు ఒప్పుకోవాలి, అది అంత తేలిగ్గా అయ్యేలా లేదు.

గురువారం ఆడిటర్ గారు కాగితాలతో ఇంటికే వస్తానన్నారు. అత్తమ్మ నిన్న పొద్దున్నే నన్ను పిలిచి, ఆలోగా కళ్ళద్దాల షాపుకి తీసుకెళ్ళమంది. ఉన్న అద్దాలతో చిన్న అక్షరాలు కనబడటం లేదట.