మనిషి వెల ఎవరి చేతికి వెళ్లింది?

క్రీ.శ. 500 దాటిన తొలి ఏళ్లు. పడమటి రోమన్ సామ్రాజ్యం కూలిపోయింది. ఇప్పటి ఉత్తర ఫ్రాన్స్‌లో ఫ్రాంకులనే జర్మానిక్ ప్రజల మీద క్లోవిస్ రాజ్యం చేస్తున్నాడు. ఆ కాలానిదిగా చెప్పే సాలిక్ చట్టం చదివితే శిక్షాస్మృతిలా ఉండదు, ధరల పట్టికలా ఉంటుంది.

మనిషిని చంపితే ఉరి కాదు, వెల కట్టాలి. దాని పేరు వెర్‌గిల్డ్, అంటే మనిషి వెల. చావుకు చావు అంటూ తరాల తరబడి సాగే పగలను ఆపడానికి ఈ ఏర్పాటు. ఉద్దేశం మంచిదే. కానీ అందరి వెల ఒకటేనా?

స్వేచ్ఛ గల ఫ్రాంకును చంపితే 200 సోలిదులు, అంటే బంగారు నాణేలు. ఆ తర్వాతి రిపువారియన్ చట్టంలో ఒక ఎద్దు ఖరీదు 2 సోలిదులు. ఆ లెక్కన వంద ఎద్దులు! భూమి ఉన్న రోమన్‌ను చంపితే 100. ఓడినవాడు కాబట్టి సగం. రాజు అనుచరుడైన ఫ్రాంకుకు 600. పిల్లల్ని కనే వయసు స్త్రీకి 600, ఆ వయసు దాటితే 200. ఆమె విలువ ఆమెది కాదు, గర్భానిది.

మరి బానిస? బానిసను, గుర్రాన్ని, బరువులు మోసే పశువును ఒకే నిబంధనలో చేర్చి, దొంగిలిస్తే అన్నిటికీ ఒకే జరిమానా వేశారు. ఎంత అన్నదానికన్నా ఎవరికి అన్నది అడగండి. స్వేచ్ఛాపరుడి వెలలో సగం అతని కొడుకులకు, సగం తండ్రి వైపు, తల్లి వైపు బంధువులకు. బానిస చస్తే డబ్బు యజమానికి. ఏడ్చేది తల్లి, లెక్క పెట్టుకునేది దొర.

ఇక్కడా అంతే. బౌధాయన ధర్మసూత్రం క్షత్రియుణ్ని చంపితే వెయ్యి ఆవులు, వైశ్యుణ్ని చంపితే వంద, శూద్రుణ్ని చంపితే పది అంటుంది. అవి చేరేది రాజుకు. బ్రాహ్మణుడి ప్రాణానికి వెల లేదు, చంపిన ఇతర వర్ణాలవాడికి చావే. వర్ణాల బయటికి నెట్టిన మనకు ఆ పట్టికలో వరసే లేదు. అంబేద్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత ఇదే.

ఫ్రాంకుల పట్టిక చరిత్రలో కలిసిపోయింది. 1950లో మన రాజ్యాంగం 14వ అధికరణంతో చట్టం ముందు అందరూ సమానమంది. అయినా దళితుడి హత్య జరిగిన ఊళ్లో పెద్దమనుషులు "ఎంతకు రాజీ?" అని కూర్చుంటే, అది పాత పట్టికే. అక్కడ మన జవాబు అంకె కాదు, కేసు.

జై భీమ్.