శీతకాల నిల్వలో పడవ ఇంజను: తుప్పు నివారణ

శీతకాలంలో నీళ్లు గడ్డకట్టే ప్రాంతాలలో పడవలను శరదృతువు చివర ఒడ్డుకు చేర్చి, వసంతం వచ్చేదాకా కదపకుండా ఉంచుతారు. ఉత్తర అమెరికాలోని మహాసరస్సుల తీరంలోను, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల బాల్టిక్ తీరంలోను ఈ విరామం నెలల తరబడి సాగుతుంది. ఆ కాలంలో ఇంజనులోని ఉక్కు, పోత ఇనుము భాగాలు తుప్పు పట్టకుండా ముందుగా చేసే పనులన్నీ ఈ అంశం కిందికి వస్తాయి. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచించి ఇంజను దిమ్మను పగలగొట్టడం అందరికీ తెలిసిన ప్రమాదం కనుక యజమానుల దృష్టి ఎక్కువగా దాని మీదే ఉంటుంది; సిలిండరు గోడను లోలోపల కొరికే తుప్పు సంగతి మాత్రం వసంతంలో ఇంజను తిరగక మొరాయించినప్పుడు గాని బయటపడదు.

ఇనుము, ఆక్సిజన్, నీరు మూడూ కలిసినచోట తుప్పు పుడుతుంది. ఆ నీరు ధారగా కారేదే కానక్కరలేదు. ఒక ఉష్ణోగ్రత వద్ద గాలి ఇముడ్చుకోగల గరిష్ఠ తేమలో వాస్తవంగా ఎంత ఉన్నదో చెప్పే కొలతను సాపేక్ష ఆర్ద్రత అంటారు. అది దాదాపు 60 శాతం దాటితే లోహం మీద కంటికి ఆనని నీటి పొర ఏర్పడి చర్య వేగం పుంజుకొంటుంది. ఉప్పు చేరితే ఈ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడు సుమారు 33 శాతం ఆర్ద్రత దగ్గరే గాలిలోని తేమను పీల్చుకొని కరగడం మొదలుపెడుతుంది కనుక, ఉప్పునీటిలో తిరిగి కడగకుండా నిల్వచేసిన ఇంజను పొడి గదిలో ఉన్నా తడిగా ఉన్నట్లే లెక్క. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర గట్టిగా అతుక్కొని కింది లోహాన్ని కాపాడుతుంది గాని, ఇనుప తుప్పు ఉబ్బి, పెచ్చులుగా రాలి, కొత్త ఇనుమును గాలికి అప్పగిస్తుంది.

ఇంజనులోకి నీరు బయటినుంచే రావాలని లేదు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. వేడి మీద అది ఆవిరిగా పొగగొట్టం గుండా పోయినా, కొంత భాగం పిస్టన్ రింగుల సందులనుంచి జారి కింది ఆయిలులో కలుస్తుంది. దహనంలో పుట్టే ఆమ్లాలు కూడా ఆ ఆయిలులోనే చేరతాయి. కాబట్టి ఆయిలు మార్చవలసినది వసంతంలో కాదు, నిల్వకు ముందే. ఇంజనును కాసేపు నడిపి, ఆయిలు వేడెక్కి మడ్డి అందులో తేలియాడుతుండగానే దించివేసి, కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేసి, మరికొద్ది నిమిషాలు నడిపితే బేరింగులన్నిటికీ శుభ్రమైన పొర అందుతుంది.

సిలిండరు పై భాగానికి మాత్రం ఈ ఆయిలు చాలదు. ఇంజను ఆగినప్పుడు కొన్ని కవాటాలు తెరిచే ఉంటాయి. వాటి గుండా బయటి గాలి సిలిండరు గోడను తాకుతుంది, గోడ మీది ఆయిలు క్రమంగా కిందికి జారిపోతుంది. రింగులు గోడకు ఆనుకొన్న గీత వెంట తుప్పు పట్టి రెండూ అతుక్కుపోవడాన్నే మెకానిక్కులు ఇంజను సీజ్ అయిందంటారు. దీనికి విరుగుడు ఫాగింగ్ ఆయిలు, అంటే గోడలకు అంటి జారకుండా నిలిచేలా తయారుచేసిన చిక్కని నూనె. కార్బురేటరు ఉన్న పాత ఇంజన్లలో దీన్ని నడుస్తున్న ఇంజను గాలిద్వారంలోకి పొగ దట్టంగా వచ్చేవరకు చల్లుతారు; లేదా స్పార్క్ ప్లగ్గులు విప్పి ఆ రంధ్రాలలో చల్లి, క్రాంకును చేత్తో కొన్ని చుట్లు తిప్పుతారు. ఇంధనాన్ని సూదిరంధ్రాలగుండా చిమ్మే ఇంజెక్షన్ ఇంజన్లకు పద్ధతి వేరు కనుక తయారీదారు పుస్తకాన్నే అనుసరించాలి.

శీతలీకరణ మార్గాన్ని ముందు మంచినీటితో కడిగి, తరువాత ఖాళీ చేస్తారు. ఖాళీ చేయడంతో పగుళ్ల భయం తీరుతుంది గాని తడిసిన పోత ఇనుము గాలికి తెరుచుకొంటుంది. అందుకే తుప్పు నిరోధకాలు కలిపిన ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవాన్ని (యాంటీఫ్రీజ్) నింపి ఉంచడం మేలు. పాత తరహా ఎథిలీన్ గ్లైకాల్ విషం, నీటిలోకి వదలదగినది కాదు. పైభాగాల మీద మైనపు లేదా గ్రీజు పూత వేస్తారు. 1953లో అట్లాస్ క్షిపణి పైతొడుగు కోసం రూపొందిన డబ్ల్యూడీ-40 పేరే నీటిని తొలగించేదని సూచిస్తుంది. ఆ పని బాగానే చేసినా, దాని పలుచని పొర నెలల నిల్వకు సరిపోదు.

మధ్యలో ఒకటి రెండు సార్లు ఇంజను ఆన్ చేసి అయిదు నిమిషాలు నడిపితే మంచిదన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది. ఫలితం అందుకు విరుద్ధం. చల్లని ఇంజను అంత స్వల్ప వ్యవధిలో పూర్తిగా వేడెక్కదు కనుక పుట్టిన ఆవిరి లోపలే నీరై నిలుస్తుంది, చల్లిన ఫాగింగ్ ఆయిలు కాస్తా కాలిపోతుంది, శీతలీకరణ నీరు లేకపోతే పంపులోని రబ్బరు ఇంపెల్లరు కూడా పాడవుతుంది.

గడ్డకట్టే చలిలో గాలిలోని నీటి పరిమాణం తక్కువ కనుక తుప్పు చర్య మందగిస్తుంది. అసలు ఆపద వసంతంలో పొంచి ఉంటుంది. రాత్రంతా చల్లబడిన ఇనుప దిమ్మకు పగటి వెచ్చని, తేమగాలి తగలగానే చన్నీటి చెంబుకు పట్టినట్లు చెమట పడుతుంది. గాలి ఆడని ప్లాస్టిక్ చుట్టు ఈ తేమను లోపలే బంధిస్తుంది కనుక కప్పులో గాలిసందులు వదలాలి. ఇంజను గాలిద్వారాన్ని, పొగగొట్టం మూతిని మాత్రం మూసివేయాలి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా నౌకాదళం పక్కన నిలిపిన యుద్ధనౌకలకు మూతలు బిగించి, లోపలి గాలినే యంత్రాలతో ఆరబెట్టి కాపాడింది. చిన్న పడవకు అంత ఏర్పాటు అక్కరలేదు. మూసిన షెడ్డులో ఒక తేమ తొలగించే యంత్రం చాలు.

ఆంధ్రప్రదేశ్ తీరంలో మంచు లేకపోయినా ఇంజన్లకు ఇలాంటి నిర్బంధ విశ్రాంతి ఉంది. చేపలు గుడ్లుపెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటను నిషేధిస్తారు. విశాఖపట్నం, కాకినాడ రేవులలో మరమ్మతులు సాగేది అప్పుడే. అక్కడ యాంటీఫ్రీజ్ అవసరం లేదు గాని, మండువేసవిలోనూ తీరగాలిలో తేమ తరచు 60 శాతానికి పైనే ఉంటుంది, దానికి ఉప్పు తోడవుతుంది. ఆ రెండు నెలలకు మంచినీటితో కడగడం, ఆయిలు ముందే మార్చడం, సిలిండర్లలో నూనె చల్లడం అనే మూడు పనులూ యథాతథంగా వర్తిస్తాయి.