పట్టికలో ఒక సంవత్సరము

కనిగిరిలో నా సినిమా డిస్కులకు కంప్యూటరున పట్టిక కూర్చుచు 'భక్త ప్రహ్లాద' యొద్ద నాగితిని. ఆ పేర తెలుగు చిత్రములు 1932, 1942, 1967 సంవత్సరములందు వచ్చినవి. పేరు మాత్రమే చాలదు. సంవత్సరపు గడియు నింపవలెను. చిక్కంతయు నచ్చటనే యున్నది. హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన మొదటి పూర్తి తెలుగు టాకీ 1931 సెప్టెంబరు 15న వెలువడెనని చిరకాలము వ్రాసికొంటిమి. నేనును బడిలో నట్లే చెప్పితిని. రెంటాల జయదేవగారు పాత కాగితములు గాలించి, సెన్సారు అనుమతి 1932 జనవరి 22న లభించెననియు, బొంబాయి కృష్ణా సినిమాలో ఫిబ్రవరి 6న ఆడెననియు నిరూపించిరి. సెన్సారునకు ముందే ఆడుట యెట్లు? సురభి కమలాబాయి లీలావతిగా నటించిన యా చిత్రపు ప్రతి నేడు లభించుట లేదు. "లేని సినిమాకు వరుస ఎందుకు తాతయ్యా?" అనెను మా మనుమడు. వరుస నుంచితిని, 'ప్రతి యున్న చోటు' అను గడిని మాత్రము ఖాళీగా విడిచితిని.