గోండుల పెర్స పేన్ ఆరాధనము - కుటుంబ చరిత్ర

కాగజ్‌నగరమునకు ఆ పేరు కాగితపు మిల్లు వలన కలిగినది. ఆ మిల్లునకు వెదురు నొసగిన అడవుల సీమలోనే, కాగితముతో నిమిత్తము లేక నిలిచిన ప్రార్థనా సంప్రదాయ మొకటి కలదు. అది రాజగోండుల పెర్స పేన్ ఆరాధనము. దీనిని చరిత్రకారుడు మూఢవిశ్వాసమని త్రోసివేయుట గాని, కేవలము గేయసాహిత్యమని మెచ్చి ఊరకుండుట గాని తగదని మా అభిప్రాయము.

పేన్ అనగా దైవము. పెర్స పేన్ అనగా పెద్ద దేవుడు. ఈ దైవము వంశమున కంతటికిని ఉమ్మడి. గోండు వంశములు నాలుగు, ఐదు, ఆరు, ఏడు అను సంఖ్యలచే వ్యవహరింపబడు నాలుగు సగలలో చేరియున్నవి. ఒకే సగవారు తమలో వియ్యమందరు. కావున సంబంధము నిశ్చయించుటకు ముందు ఇరువైపుల దైవమేదో తెలియవలసియున్నది. మరణించినవారు తుదకు ఈ దైవమునందే చేరుదురని వారి నమ్మకము. ఇట్లు పెండ్లియు, చావును ఆరాధనముతోనే ముడివడియున్నవి.

ఇందులకు కేస్లాపూర్ నాగోబా జాతర ప్రబల నిదర్శనము. మెస్రం వంశీయులు జన్నారము ప్రాంతపు హస్తినమడుగు నుండి గోదావరీ జలమును కాలినడకను తెచ్చి, పుష్య అమావాస్యనాడు మహాపూజ సలుపుదురు. అనంతరము వంశమునకు వచ్చిన క్రొత్త కోడండ్రను దైవమునకు పరిచయము చేయుదురు. దీనిని భేటింగ్ అందురు. ఇది జరిగిన పిమ్మటనే కోడలికి వంశపూజలయందు అధికారము సిద్ధించును. కనుక ఈ ప్రార్థన వరములు కోరుట మాత్రమే కాదు. వంశపు పట్టికలో నూతన నామమును చేర్చుట.

ఆ పట్టికను కాపాడువారు ప్రధానులు. వారు కికిరి వాయించుచు వంశోత్పత్తి గాథలను గానము చేయుదురు. 1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీము నేలకొరిగిన పిదప ఈ సీమకు వచ్చిన హైమెన్‌డార్ఫ్ పండితుడు ఇట్టి గాథలను సేకరించి, 1948లో ప్రకటించిన గ్రంథమున పొందుపరచెను. గుంజాల గ్రామమున లభించిన గోండీ వ్రాతప్రతులు వేరొక ఆధారము.

గాయకుని బట్టి పాఠము మారునుగదా, దీనిని ప్రమాణముగా గ్రహించుట యెట్లని కొందరు శంకింపవచ్చును. తేదీలకు ఇది ప్రమాణము కాదని మేమును అంగీకరింతుము. కాని ఎవరు ఎవరికి సోదరులు, ఎవరితో వియ్యము తగదు, ఏ వంశము ఎచ్చట పూజ సలుపవలెను అను విషయములకు ఇంతకు మించిన ఆధారము దుర్లభము.

సిర్పూరు మిల్లు 2014లో మూతపడి 2018లో మరల తెరువబడినది. ప్రధానుని పాట ఒకమారు ఆగినచో మరల పలికించుట సాధ్యము కాదు. దానిని ఉన్నది ఉన్నట్లు సేకరించుట మన విశ్వవిద్యాలయములకు తక్షణ కర్తవ్యము.