అబ్దుల్ ఖాదిర్ జాఫ్ మీద పడ్డ షరాబ్ తోహ్మత్

మా దోస్తులు పదకొండు మంది కలిసి ఈసారి టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు మీద ఫాంటసీ లీగ్ పెట్టుకున్నారు. క్రికెట్ లీగుల పద్ధతే. ఒక్కొక్కరికి కొంత బడ్జెట్ ఉంటుంది, ఆ లోపల రైడర్లను ఎంచుకోవాలి. రేసులో వాళ్లు రోజూ సాధించేదాన్ని బట్టి మనకు పాయింట్లు. పైసలు పెడితే జువ్వా అవుతుంది కాబట్టి ఒక షరతు పెట్టుకున్నాం: గెలిచినవాడే అందరికీ దావత్ ఇవ్వాలి. దాంతో ఇద్దరు ఓడిపోవడానికి పూరా కోషిష్ చేస్తామని ఇప్పటికే ఏలాన్ చేశారు. "నువ్వు అఖ్బార్ మనిషివి భాయ్, ఎవర్ని తీసుకోవాలో రాసి పెట్టు" అని ఆ జిమ్మా నాకు అప్పగించారు. రాస్తాను. కాకపోతే రైడర్ల ధరల కన్నా ముందు ఒక కిస్సా చెప్పాలి. ఈ రేసు తారీఖ్‌లో ఒక ముస్లిం పేరు చెప్పగానే దునియా నవ్వుతుంది. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో మన పిల్లలకు తెలియాలి.

ముందు రేసు సంగతి. 1903లో లోటో అనే ఫ్రెంచ్ స్పోర్ట్స్ అఖ్బార్ తన అమ్మకాలు పెంచుకోవడానికి దీన్ని మొదలుపెట్టింది. ఆ పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది. 1919 నుంచి అందరికన్నా ముందున్న రైడర్‌కు పసుపు జెర్సీ ఇస్తున్నారు. మూడు వారాలు, 21 రోజుల పోటీ. ఒక్కో జట్టుకు 8 మంది. అందులో గెలవడానికి వచ్చేది ఒక్కడు, మహా అయితే ఇద్దరు. మిగతావాళ్లు ఆ ఒక్కడికి గాలి తగలకుండా ముందు తొక్కుతారు, నీళ్ల సీసాలు మోసుకొస్తారు, అవసరమైతే తమ చక్రం విప్పి ఇస్తారు. వాళ్లను ఫ్రెంచ్‌లో 'దొమెస్తిక్' అంటారు, అంటే ఇంటి నౌకర్. రేసు స్థాపకుడు ఆన్రీ దెగ్రాంజ్ ఒక రైడర్‌ను తక్కువ చేయడానికి వాడిన మాట అది. మన జబాన్‌లో ఖాదిమ్ అనుకోండి. ఖాదిమ్‌కు ఫాంటసీ లీగులో పాయింట్లు రావు. కానీ ఖాదిమ్‌లు లేకుండా బాద్‌షా పారిస్ చేరడు.

ఇప్పుడు 1950కి రండి. ఆ రోజుల్లో టూర్‌లో కంపెనీ జట్లు కాదు, దేశాల జట్లు ఉండేవి. ఆ యేడు 'ఉత్తర ఆఫ్రికా' అనే పేరుతో ఒక జట్టు వచ్చింది. అల్జీరియా 1830 నుంచి ఫ్రాన్స్ కబ్జాలో ఉంది. మొరాకో, ట్యునీషియాల మీద కూడా ఫ్రాన్స్ హుకూమతే. సొంత దేశం లేనివాళ్లకు సొంత జెండా ఎక్కడిది? అందుకే దేశం పేరుతో కాకుండా దిక్కు పేరుతో వచ్చారు. ఆ జట్టులో ఒకడు అబ్దుల్ ఖాదిర్ జాఫ్. వయసు 33. అల్జియర్స్ దగ్గర మిటీజా మైదాన ప్రాంతంలోని షెబ్లీ అతని ఊరు.

మిటీజా పేరు గుర్తుంచుకోండి. అల్జీరియాలో మంచి పంట భూములున్న ఇలాకా అది. ఫ్రాన్స్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఆ జమీన్లు చేతుల్లోకి తీసుకుని ద్రాక్షతోటలు వేశారు. ఇరవయ్యో సదీ మొదటి సగంలో దునియాలోనే పెద్ద ఎత్తున వైన్ ఎగుమతి చేసిన ఇలాకాల్లో అల్జీరియా ఒకటైంది. తాగేది ఫ్రాన్స్, తోటల్లో మజ్దూరీ చేసేది ముస్లింలు. తాము ముట్టని సరుకును పండించి, సముద్రం దాటించిన అవామ్ వాళ్లు.

1950 జులై 27. పదమూడో రోజు పోటీ, పెర్పిన్యాన్ నుంచి నీమ్ దాకా దాదాపు 215 కిలోమీటర్లు. ఫ్రాన్స్ దక్షిణాన ద్రాక్షతోటల మధ్య దారి. ఎండ 40 డిగ్రీలు దాటింది. రెండు రోజుల ముందే పిరనీస్ కొండల్లో జనం ఇటలీ ఛాంపియన్ జీనో బార్తాలి మీద ఎగబడితే, ఇటలీ రైడర్లంతా రేసు వదిలి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఆ ఎండలో మెల్లగా కదులుతున్నారు. అప్పుడు జాఫ్, మార్సెల్ మొలినెస్ అనే జట్టు సాథీతో కలిసి ముందుకు దూసుకుపోయాడు. మొలినెస్ కూడా షెబ్లీలోనే పుట్టాడు. ఒకే ఊరివాళ్లు, ఒకడు ముస్లిం, ఒకడు యూరప్ ఖాందాన్ వాడు. ఇద్దరూ కలిసి మిగతా రైడర్లను పావుగంట పైనే వెనక వదిలేశారు.

నీమ్ ఇంకా కొద్ది దూరం ఉందనగా జాఫ్ సైకిల్ అటూ ఇటూ ఊగసాగింది. పడిపోయాడు. పక్కన ఉన్నవాళ్లు ఎత్తి చెట్టు కింద కూర్చోబెట్టారు. కాసేపటికి లేచి, సైకిల్ ఎక్కి, వచ్చిన దారినే వెనక్కి తొక్కడం మొదలుపెట్టాడు. ఆపి అంబులెన్స్‌లో తీసుకెళ్లారు. మొలినెస్ ఒంటరిగా నీమ్ చేరి ఆ రోజు పోటీ గెలిచాడు. ఆఫ్రికాలో పుట్టిన రైడర్ టూర్‌లో ఒక రోజు గెలవడం అదే మొదలు. మరునాడు అదే జట్టుకు చెందిన కుస్తోదియో దుష్ రెయిష్ తూలోన్‌లో గెలిచాడు. వరుసగా రెండు రోజులు దిక్కు పేరున్న జట్టుదే జీత్.

కానీ లోకానికి గుర్తున్నది జీత్ కాదు, చెట్టు కింద కూర్చున్న జాఫ్. అతని దగ్గర షరాబ్ వాసన వచ్చిందన్నారు. దాహంతో ఎవరో ఇచ్చిన సీసా ఎత్తి తాగాడు, అది వైన్, అలవాటు లేని ముస్లిం కాబట్టి మత్తెక్కి నిద్రపోయాడు, ఇదీ లతీఫా. ఇంకో బయాన్ కూడా ఉంది: వడదెబ్బకు పడిపోయిన మనిషిని తేర్చడానికి, చేతిలో నీళ్లు లేక, తోటలవాళ్లు వైన్ చల్లారు, వాసన అందుకే వచ్చింది. 40 డిగ్రీల ఎండలో 200 కిలోమీటర్లు తొక్కి, దిక్కు తెలియక వెనక్కి మళ్లిన మనిషి హాలత్ చూస్తే నాకు రెండో బయానే నమ్మబుద్ధేస్తుంది. ఆ జమానాలో రైడర్లు ఉత్తేజాన్నిచ్చే మాత్రలు వాడటం మామూలు, ఫ్రాన్స్‌లో వాటి మీద కానూన్ వచ్చింది 1965లోనే. జాఫ్ విషయంలోనూ కొందరికి ఆ షక్ ఉంది. అతన్ని ఫరిష్తాను చేయనక్కర్లేదు. ఇన్సాన్‌గా చూస్తే చాలు.

కానీ అఖ్బార్లకు ఎండ వల్ల పడిపోయిన రైడర్ ఖబర్ కాదు. తాగి పడిపోయిన ముస్లిం ఖబర్. నా పేషాలో ఇది నాకు బాగా తెలిసిన తేడా. ఒక నిజం, ఒక లతీఫా పక్కపక్కన ఉంటే హెడ్డింగ్ దేనికి పోతుందో రోజూ చూస్తాం. ఎవరి జమీన్‌ను ద్రాక్షతోటలుగా మార్చారో ఆ కౌమ్ మనిషి మీదే ఆ షరాబ్ మరక వేశారు. ఇందులోని క్రూరత్వం ఎవరికీ తట్టలేదు.

జాఫ్ మాత్రం మొహం దాచుకోలేదు. ఆగిన చోటి నుంచి మిగిలిన దూరం తొక్కి మళ్లీ రేసులో కలుస్తానని మరునాడు అడిగాడని చెబుతారు. కాయిదా ఒప్పుకోలేదు. ఆ మషూరీ వల్ల ఊరూరా జరిగే సైకిల్ పోటీలకు పిలుపులు వచ్చాయి, మంచి రకమ్ ముట్టింది. నవ్వేవాళ్ల దగ్గరే అతను రోజీ సంపాదించాడు. 1951లో మళ్లీ టూర్‌కు వచ్చాడు. 123 మంది బయల్దేరితే 66 మంది పారిస్ చేరారు. జాఫ్ 66వ వాడు. చివరివాణ్ణి అక్కడ 'ఎర్ర లాంతరు' అంటారు, రైలు చివరి డబ్బాకు వేలాడే దీపం పేరు మీద. నవ్వేవాళ్లు చివరివాడు అన్నారు. అతని వెనక 57 మంది మధ్యలోనే మానుకున్నారన్నది చెప్పలేదు. 1954లో అల్జీరియా జంగ్ మొదలైంది, 1962 జులై 5న ఆజాదీ వచ్చింది. జాఫ్ 1986లో చనిపోయాడు.

ఈ తోహ్మత్‌ల జమానా పోయిందా? అల్జీరియా మూలాలున్న ఫ్రెంచ్ రైడర్ నాసెర్ బుహానీ 2014లో జిరో డి ఇటాలియాలో మూడు రోజులు గెలిచాడు. 2021లో ఒక స్ప్రింట్‌లో అతని తీరుపై వివాదం రేగితే, సోషల్ మీడియాలో జనం అతని తొక్కుడును కాక నసల్‌ను తిట్టారు. ఇంకోవైపు ఇవాళ టూర్ జెర్సీల మీద ఎమిరేట్స్, బహ్రెయిన్ పేర్లు మెరుస్తున్నాయి. మన ఇళ్లనుంచి మజ్దూరీకి వెళ్లే దేశాల పేర్లు అవి. పైసా చేరిన చోటికి ఇజ్జత్ తొందరగా చేరుతుంది, మనిషికి మాత్రం ఆలస్యంగా చేరుతుంది.

ఇక దోస్తులారా, మీ సవాల్‌కు జవాబు. 2026 టూర్ జులై 4న బార్సిలోనాలో మొదలవుతుంది. మొదటి రోజే జట్టంతా కలిసి గడియారంతో పోటీ పడే రేసు, 19 కిలోమీటర్ల పైచిలుకు. అంటే ఖాదిమ్‌లు గట్టిగా ఉన్న జట్టుదే ఫాయిదా. వెంటనే పిరనీస్. ఆఖరి వారంలో జులై 24, 25 తారీఖుల్లో వరుసగా రెండుసార్లు ఆల్ప్ డ్యుయెజ్ కొండ ఎక్కాలి. జులై 26న పారిస్. కాబట్టి బడ్జెట్‌లో పెద్ద వాటా కొండలెక్కేవాడికే పెట్టండి. 2020, 2021, 2024, 2025ల్లో గెలిచిన తదేయ్ పొగాచార్ ఖరీదెక్కువ, కానీ అతన్ని వదిలితే లీగ్ వదిలినట్టే. 2022, 2023 విజేత యోనాస్ వింగెగార్డ్ రెండో పేరు. చదును రోజుల కోసం ఎరిత్రియా బిడ్డ బినియమ్ గిర్మాయ్‌ను చూడండి. 2024లో మూడు రోజులు గెలిచి ఆకుపచ్చ జెర్సీ తీసుకెళ్లాడు. ఆఫ్రికా నుంచి ఆ జెర్సీ దాకా చేరిన మొదటివాడు అతనే. తుది జాబితాలు వచ్చాక పేర్లు ఖాయం చేసుకోండి. జులై ఎండను కూడా హిసాబ్‌లోకి తీసుకోండి. ఇప్పుడు రైడర్ల మెడ మీద పెట్టడానికి ఐసు మూటలు అందిస్తారు. జాఫ్‌కు అందింది చెట్టు నీడ, ఎవరో చల్లిన వైన్.

ఒక తజ్వీజ్ పెడుతున్నాను, ఓటేయండి. పారిస్‌కు అందరికన్నా చివర చేరే రైడర్ ఎవరి జట్టులో ఉంటే వాళ్లకు ఇరవై పాయింట్లు. దాని పేరు జాఫ్ పాయింట్లు. ఆ పేరు ఎందుకని పిల్లలు అడిగితే, షరాబ్ లతీఫా కాకుండా ఆ 215 కిలోమీటర్ల ఎండ గురించి చెప్పండి.